మామను మార్చాలని రాసిన అర్జీ

మొన్న ఆదివారం పొద్దున కరివేపాకు కోసమని కిందికి దిగితే, మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నలుగురు పెద్దమనుషులు గొంతు పెంచి వాదించుకుంటున్నారు. గుండ్లపోచంపల్లిలో ఈ ఫ్లాట్‌కు వచ్చిన ఆరేళ్లలో గేటు దగ్గర గొడవంటే పార్కింగ్ గురించో, నీళ్ల ట్యాంకర్ గురించో తప్ప ఇంకోటి వినలేదు నేను. ఈసారి సంగతి వేరు. ముందు రోజు టీవీలో వాళ్ల క్రికెట్ జట్టు వరసగా నాలుగోసారి ఓడిపోయిందట. "కోచ్‌ను మార్చాలె, అంతే. ఇగ వేరే మాట లేదు" అంటున్నాడు మూడో అంతస్తు బ్యాంకాయన. "ఆడెటోళ్లు ఆడకపోతే కోచ్ ఏం జేస్తడు సార్?" అని వాచ్‌మన్ అడ్డం వేశాడు. నేను కరివేపాకు సంగతి మరిచిపోయి కాసేపు అక్కడే నిలబడ్డాను. ఒకప్పుడు సరిగ్గా ఇలాగే ఒక కోచ్‌ను తీసెయ్యాలని ఊరు ఊరంతా వాదించుకుంటే, అర్జీ రాసింది నేనే. ఆ కోచ్ మా అమ్మకు సొంత అన్న, నాకు మేనమామ.

తొంభైల చివర్లో మాట. మేడ్చల్‌లో మా నాయిన టైలర్ దుకాణం ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ గ్రౌండ్ గేటుకు ఎదురుగా ఉండేది. ఇప్పుడా కాలేజీ లేదు, గ్రౌండూ లేదు, గోదాములు లేచాయి. నేను అక్కడే డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ, క్లాసులయ్యాక దుకాణంలో కూర్చుని కాజాలు తీసేదాన్ని, గుండీలు కుట్టేదాన్ని. మామ ఇల్లు గాజులరామారంలో. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు. వయసులో ఉన్నప్పుడు బొల్లారంలో మిలిటరీ వాళ్లతో కలిసి ఫుట్‌బాల్ ఆడి నేర్చుకున్నాడట. మా కాలేజీకి ఫుట్‌బాల్ జట్టు కావాలనుకున్నప్పుడు, ఉన్న డ్రిల్లు మాస్టారుకు కబడ్డీ తప్ప ఇంకేదీ రాదు కాబట్టి, ఎవరో మామ పేరు చెప్పారు. షిఫ్టు దిగి, ఇంత తిని, సాయంత్రం నాలుగున్నరకల్లా స్కూటర్ మీద మేడ్చల్ వచ్చేవాడు. మెడలో విజిల్ ఉండేది కానీ అది ఊదగా నేను చూసింది తక్కువ. "జల్దీ! జల్దీ!" అని ఆయన అరిస్తే విజిల్ అవసరం ఉండేది కాదు. ఆట అయ్యాక, గెలిచినా ఓడినా, దుకాణంలోకి వచ్చి చెంబెడు నీళ్లు తాగి ఒక్క మాట చెప్పేవాడు. గెలిస్తే "మంచిగ ఆడిండ్రు" అనేవాడు. ఓడితే "మంచిగనే ఆడిండ్రు" అనేవాడు. ఫలితం తెలియనివాళ్లు ఆ మాటను బట్టి తెలుసుకునేవారు.

నాయిన ఏనాడూ బంతిని కాలితో తన్నినవాడు కాదు. కానీ జట్టు బనియన్లు కుట్టింది ఆయనే. ఆరుకూ తొమ్మిదికీ ఒకటే అచ్చు పెట్టి, ఒకటి తలకిందులు చేసి అంకెలు కత్తిరించేవాడు. తను కుట్టిన బట్ట గ్రౌండులో పరుగెడుతుంటే మనిషి కుట్టుమిషన్ దగ్గర నిలవగలడా? ఆట మొదలవగానే మిషన్ ఆగేది, దుకాణం నా మీద పడేది. మెల్లగా మా దుకాణం బెంచీయే ఆ జట్టు అభిమానులకు అడ్డా అయింది. అందరికంటే ముందు వచ్చేది ఇద్దరు. ఒకరు బస్సు కండక్టర్‌గా రిటైరైన తాత. ఇంకొకరు దూలపల్లి నుంచి టెంపోలో పాలు తెచ్చి పోసే పాలాయన. ఈ ఇద్దరికీ దేనిమీదా పొత్తు కుదిరేది కాదు.

మొదటి మూడేళ్లు మామకు తిరుగు లేదు. చుట్టుపక్కల కాలేజీలన్నిటినీ ఓడించాం. శామీర్‌పేట కాలేజీని రెండుసార్లు ఓడించాం, అది మాకు మిగతా గెలుపులన్నిటి కంటే ఎక్కువ. మామ రోడ్డు మీద కనిపిస్తే హోటల్‌లో కూర్చున్నవాళ్లు లేచి ఛాయ్ తాగి పొమ్మనేవారు. నాలుగో ఏడు ఏమైందో ఏమో, ఓటమి పట్టుకుంది. బాగా ఆడే అయిదుగురు చదువైపోయి వెళ్లిపోయారు. కొత్తవాళ్లకు కాళ్లు కుదురుకోలేదు. గోల్‌కీపర్ అయితే ఎదురుగా వచ్చే బంతిని వదిలి దాన్ని తన్నిన మనిషిని చూస్తాడని పాలాయన ఫిర్యాదు. నాయిన కూడా అదే పాట. "బావా, కీపర్ను మార్చు" అని వారం వారం చెప్పేవాడు. "రెండోవాడు ప్రాక్టీసుకే రాడు బావా. వచ్చెటోన్ని పక్కకు పెట్టి రానోన్ని ఎట్ల ఆడియ్యాలె?" అనేవాడు మామ. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవారు కాబట్టి, గట్టిగా వాదించుకుంటున్నప్పుడు బయటివాళ్లకు ఎవరు ఎవర్ని అంటున్నారో తెలిసేది కాదు.

ఆ ఏడు శామీర్‌పేటలో వాళ్లతో ఆట. పాలాయన టెంపోలో ఖాళీ క్యాన్ల మధ్య ఇరుక్కుని పదిహేను మందిమి వెళ్లాం. తోడుగా ఇంకో ఆడపిల్ల లేకపోయినా, బనియన్ల మూట పట్టుకోవాలన్న నెపంతో నాయిన నన్నూ ఎక్కించాడు. చెరువు మీంచి గాలి రయ్యిన వీస్తోంది. మా వాళ్లు కొట్టిన బంతి వెనక్కి వస్తోంది, వాళ్లు కొట్టింది మాత్రం నేరుగా గోల్‌లోకి పోతోంది. అయిదు గోల్స్ తిన్నాం. మూడోది కీపర్ కాళ్ల సందులోంచి దొర్లుకుంటూ పోయింది. నాయిన తట్టుకోలేక లేచి నిలబడి, "బావా! ఇగనన్న మార్చు!" అని గ్రౌండంతా వినపడేలా అరిచాడు. శామీర్‌పేట వాళ్లు గొల్లుమని నవ్వారు. మామ వెనక్కి తిరిగి చూడలేదు. కానీ మెడ వెనక భాగం ఎర్రబడటం నేను చూశాను. తిరుగు ప్రయాణంలో పాల క్యాన్లు తప్ప ఎవ్వరూ చప్పుడు చెయ్యలేదు.

మర్నాడు సాయంత్రం మామ రాకముందే బెంచీ నిండిపోయింది. "కోచ్‌ను మార్చాలె" అని పాలాయన మొదలుపెట్టాడు. "మూడేండ్లు గెలిపిచ్చిన నాడు మంచోడు, ఒక్క ఏడు ఓడంగనే చెడ్డోడైండా?" అన్నాడు కండక్టర్ తాత. "గట్ల కాదు తాతా. నా పాలు నాలుగు రోజులు వరసబెట్టి పలచగుంటే మీరు నన్ను ఆపరా?" "ఇన్నేండ్ల సంది ఆపలేదు గదరా!" అని తాత అనేసరికి అందరూ నవ్వారు. నాయిన నవ్వలేదు. కత్తెర బల్ల మీద పెట్టి, "బావ మంచోడే. మంచోడైతే జట్టు గెలుస్తదా?" అన్నాడు. ఇంటి మనిషే ఆ మాట అన్నాక ఇక ఎదురు చెప్పేవాళ్లు లేకపోయారు. చూసేవాళ్లు రాసిస్తే ఆలోచిస్తామని ప్రిన్సిపాల్ అన్నాడని ఎవరో చెప్పారు. నాయిన నా వైపు తిరిగాడు. "బిడ్డా, నీ చేతిరాత మంచిగుంటది. నువ్వు రాయి."

"మామ మీదనా, నాయినా?"

"మామ మీద గాదు. కోచ్ మీద."

రాశాను. బలవంతం మీద రాశానని ఇప్పుడు చెప్పుకుంటే అబద్ధమవుతుంది. అంతమంది పెద్దవాళ్లు నా కలం కదలడం కోసం చూస్తుంటే నాకు గొప్పగా ఉండింది. 'శిక్షణలో లోపం', 'సకాలంలో తగు నిర్ణయం తీసుకొనలేకపోవుట' లాంటి మాటలు పాఠ్యపుస్తకాల్లోంచి తీసి వేశాను. ఆ సంవత్సరం ఆరు ఆటలు ఓడినట్టు రాశాను. మొదటి సంతకం నాయినది. కండక్టర్ తాత మాత్రం కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయానని లేచి వెళ్లిపోయాడు. ఆయనకు కళ్లద్దాలే లేవు.

ఆ కాగితం కత్తిరింపుల బల్ల మీదే ఉంది. రెండో రోజు చిరిగిన బనియన్లు తీసుకుపోవడానికి మామ వేళకు ముందే వచ్చాడు. నాయిన మిషన్ మీద, నేను గుండీల దగ్గర. ఆపేలోపే ఆయన చెయ్యి దానిమీద పడింది. నిలబడే చదివాడు, మొదటి నుంచి చివరి సంతకం దాకా. మిషన్ ఆగిపోయింది. మామ నా వైపు చూశాడు.

"అక్షరాలు మంచిగున్నయ్ బిడ్డా. గాని ఆరు గాదు, ఏడు ఓడినం. దుండిగల్‌ల ఓడింది నువ్వు మరిసినవ్. దిద్దు."

నా చేతిలో కలం పెట్టాడు. నాకు తల ఎత్తే ధైర్యం లేక, ఆరును కొట్టేసి ఏడు వేశాను. నాయిన లేచి, "బావా, గిది..." అని ఏదో అనబోయాడు. "రాసినంక ఇయ్యాలె. ఇచ్చెయ్యి" అన్నాడు మామ. బనియన్ల మూట చంకలో పెట్టుకుని గేటు దాటి గ్రౌండులోకి వెళ్లాడు. ఆ రోజు కూడా చీకటి పడేదాకా ప్రాక్టీసు చేయించాడు. దుకాణంలోకి నీళ్లకు మాత్రం రాలేదు.

అమ్మకు పాలాయన భార్య ద్వారా తెలిసింది. నాయిన అన్నం ముందు కూర్చుని, అది ఆట సంగతి, దాన్ని ఇంట్లోకి తేవద్దని నచ్చజెప్పబోయాడు. "ఆట సంగతే గావొచ్చు. దాని మీద నా అన్న పేరుంది" అంది అమ్మ. నన్ను మాత్రం ఒక్కటే అడిగింది: "నీకు సదువు సెప్పిచ్చింది ఇందుకేనా?" మర్నాడు పొద్దున్నే బట్టలు సర్దుకుని గాజులరామారం బస్సెక్కింది. అయిదో రోజు మామే స్కూటర్ మీద తీసుకొచ్చి వీధి మలుపులో దింపి, ఇంట్లోకి రాకుండానే తిరిగిపోయాడు. ఆ తర్వాత నెల రోజుల పాటు అమ్మానాయినల మాటలన్నీ నా మీదుగానే నడిచాయి. ఒకే గదిలో కూర్చుని, "ఉప్పు సరిపోయిందా అడుగు" అని అమ్మ అంటే, "సరిపోయిందని చెప్పు" అనేవాడు నాయిన. నిజానికి సరిపోయేది కాదు.

అర్జీని నాయిన రెండు రోజులు బల్ల సొరుగులో ఉంచాడు. మూడో రోజు పాలాయన అడిగి తీసుకుపోయాడు. ప్రిన్సిపాల్ మామను పిలిచి, స్టాఫ్ రూములో ఛాయ్ ఇచ్చి, ఇన్నాళ్ల సేవకు సంతోషం అని పంపించాడు. కొత్త కోచ్ వచ్చాడు. సిటీ నుంచి వచ్చిన కుర్రాడు, కోచింగ్‌లో డిప్లొమా చదివినవాడు. గ్రౌండు నిండా రంగురంగుల ప్లాస్టిక్ కోన్లు పెట్టి పిల్లల్ని వాటి చుట్టూ తిప్పేవాడు. మొదటి రెండు ఆటలూ గెలిచాం. పాలాయన అందరికీ జిలేబీ పంచాడు. నాయిన తన వంతు జిలేబీ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి నాకిచ్చాడు.

మామ రెండు నెలలు మా దుకాణం వైపు రాలేదు. ఒకరోజు అత్తమ్మ వచ్చి అమ్మతో చెబుతుంటే విన్నాను. "సాయంత్రమైతే షూ ఏసుకుంటడు వదినా, లేసులు గట్టుకుంటడు. జరసేపు కూసొని మల్ల ఇప్పుతడు. ఏడికి బోవాల్నో తెల్వది పాపం." నాయిన గుమ్మం అవతలే ఉన్నాడు. వినలేదన్నట్టు కొలతల టేపు చుట్టుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత జట్టు మళ్లీ వరసగా మూడు ఓడింది. బెంచీ మళ్లీ నిండింది. "ఈ పిలగాడు కోన్ల సుట్టు తిప్పుడు తప్ప ఏం జేస్తలేడు. మల్లొక కాగితం రాయాలె" అన్నాడు పాలాయన. అందరూ నా వైపు చూశారు. సరిగ్గా అప్పుడే స్కూటర్ ఆగింది. మామ లోపలికి వచ్చి, చెంబు తనే తీసుకుని నీళ్లు తాగి, బెంచీ మీద చోటు చేసుకుని కూర్చున్నాడు. సంగతేందని అడిగి, విని, నవ్వాడు.

"ఆగుండ్రయ్యా. నాకు నాలుగేండ్లు ఇచ్చిండ్రు, ఆనికి నాలుగు నెలలన్న ఇయ్యరా? పోరగాండ్ల కాళ్లు మంచిగనే తయారైతున్నయ్. నేను బయటి నుంచే చూసిన."

ఏ రోజు చూశాడో, ఎక్కడ నిలబడి చూశాడో ఎవరూ అడగలేదు. ఆటకు వేళయిందని ఒక్కొక్కరే లేచి గ్రౌండులోకి వెళ్లారు. నాయిన, మామ, గుండీలతో నేను మిగిలాం. నాయిన మిషన్ చక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండా, "బావా, మేం జేసింది తప్పా?" అని అడిగాడు.

"మార్చుడు తప్పు గాదు. నీ జాగల నేనున్నా మార్చాలెననే అంటుంటి" అన్నాడు మామ. "గాని రోజు నీ దుకాణంల నీళ్లు తాగి పోయిన గద బావా. నాతోని ఒక్క మాట ముందుగాల చెప్పకపోతివి. కాగితం మీద చదువుకోవాల్సొచ్చె" అన్నాడు.

నాయిన లేచి దుకాణం బయటికి నడిచి, స్కూటర్ పక్కన నిలబడి, "పోదాం పా, ఆట షురువైతాంది" అన్నాడు. మామ లేచాడు. ఇద్దరూ గేటు దాటుతుండగా నాయిన చెయ్యి మామ భుజం మీదికి వెళ్లడం కనిపించింది. నాయిన పొట్టి, మామ పొడుగు. చెయ్యి సరిగ్గా అందలేదు, అయినా తియ్యలేదు. ఆ రోజు కూడా ఓడిపోయాం.

ఆ కుర్రాడు మూడేళ్లు ఉన్నాడు, తర్వాత్తర్వాత బాగానే గెలిపించాడు. బావలిద్దరూ కాలేజీ మూతపడే దాకా ఒక్క ఆట వదలకుండా చూశారు, ప్రతి ఆటకూ కొట్లాడుకున్నారు. ముందు నాయిన పోయాడు, తర్వాత నాలుగేళ్లకు మామ.

ఆ కాగితం రాసినందుకు మామకు క్షమాపణ చెప్పాలని నేను చాలాసార్లు అనుకున్నాను. నా పెళ్లిలో అనుకున్నాను, మా పాపను చూడడానికి వచ్చినప్పుడు అనుకున్నాను, జ్వరంగా ఉందంటే గాజులరామారం వెళ్లి పక్కన కూర్చున్నప్పుడూ అనుకున్నాను. ఆయన ఎప్పుడూ ఏదో ఒక నవ్వులాట మాట తెచ్చేవాడు, నేను మరోసారి చెబుదాంలే అనుకునేదాన్ని. బహుశా ఆయనకు అక్కర్లేదేమో, నాకే కావాలేమో. చెప్పాల్సిన మాటకు రేపటి సాయంత్రం ఉంటుందని నమ్ముతూనే నేను పాతికేళ్లు గడిపేశాను. ఆ సాయంత్రాల్లో ఆఖరిది ఏదో అది గడిచిపోయేటప్పుడు నాకు తెలియనే లేదు.