ఉంచాల్సినవి ఎన్ని?

1979. మూసాపేట వైపు ఒక పంపుల ఫ్యాక్టరీ. అందులో కంప్యూటర్ సెక్షన్‌లో నేను ప్రొబేషన్‌లో ఉన్న ప్రోగ్రామర్‌ని. గుంటూరు నుంచి వచ్చి ఏడాది కాలేదు. అప్పట్లో కొత్తగూడ దాటితే అంతా రాళ్లూ, జొన్నచేలూ.

స్టోర్స్‌లోని విడిభాగాల వివరాలన్నీ డిస్కు మీద మాస్టర్ ఫైల్‌గా ఉండేవి. ఇప్పటివాళ్లయితే టేబుల్ అంటారు. తయారీ ఆపేసిన మోడళ్ల రికార్డులు ఇరవై వేల దాకా తీసేయాలి. శనివారంలోగా కొత్త స్టాకు లిస్టు రాకపోతే సెక్షన్ ఎత్తేసి మళ్లీ రిజిస్టర్లు రాయిస్తామని మేనేజరు చెప్పేశారు. అంటే నా ఉద్యోగం హుళక్కే.

ఒక్కో రికార్డు తీసినప్పుడల్లా యంత్రం ఇండెక్స్‌ను, అంటే ఏది ఎక్కడుందో చెప్పే పట్టికను కూడా సరిచేసుకుంటుంది. రెండు రోజులు నడిపినా పావు వంతు కాలేదు.

శుక్రవారం పొద్దున స్టోర్‌కీపర్ నర్సింలుగారు వచ్చారు. కొత్తగూడ అవతల గోపన్‌పల్లి మనిషి, నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద.

"ఏంది సారూ, గింత పరేషాన్ల ఉన్నరు?"

విషయం చెప్పాను.

"మరి ఉంచేటియి ఎన్ని?"

ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఆఫీసు పంపింది తీసేసేవాటి లిస్టు, నేను దాన్నే పట్టుకుని వేలాడుతున్నాను. చూస్తే ఉంచాల్సినవి రెండు వేలు కూడా లేవు.

"షెడ్డు మార్చినప్పుడు మేం పనికొచ్చేటియే తెచ్చుకున్నం. పాతదాంట్ల చెత్త ఏరుకుంట కూసోలే," అన్నారాయన.

నడుస్తున్న మోడళ్ల రికార్డులను కొత్త డిస్కుకు కాపీ చేసి, ఇండెక్స్ చివర్లో ఒక్కసారే కట్టాను. గంటలోపే అయిపోయింది. ఆ సంబరంలో పాత డిస్కు చెరపబోయాను.

"జర ఆగుండ్రి. షెడ్డు మారినంక కూడ పాత తాళంచెవి నెలదాక నా దగ్గర్నే పెట్టుకున్న."

కొత్త డిస్కు నుంచి నేను అచ్చు తీసిచ్చిన లిస్టు ముందేసుకుని ఆయన పెన్సిలుతో ఒక్కో వరుసా చూశారు. మధ్యాహ్నానికి తలెత్తారు.

"వాషర్లు ఏవి సారూ? నట్లు?"

అన్ని పంపులకూ వాడే వాషర్లకు, నట్లకు మోడల్ నంబరు ఉండదు. ఆ గడి ఖాళీ. అందుకే నా ప్రోగ్రాం వాటిని వదిలేసింది. పాత డిస్కు ఉంది కాబట్టి వెనక్కి తెచ్చుకున్నాను. శనివారం లిస్టు అందింది, ఉద్యోగం నిలిచింది. మేనేజరు నన్ను మెచ్చుకుంటుంటే సిగ్గేసి, నర్సింలుగారి పేరు చెప్పాను.

తీసేసేవాటిలో ఒకటి మరిచిపోతే చెత్త మిగులుతుంది, అంతే. ఉంచేవాటిలో మరిచిపోతే పనికొచ్చేది పోతుంది. తర్వాత ముప్పయ్యేళ్లు ఎన్నో పెద్ద టేబుళ్లను ఈ పద్ధతిలోనే ఖాళీ చేశాను. పాతది చెరిపే ముందు మాత్రం, ఆ సరుకును చేత్తో ముట్టుకునే మనిషిని పిలిచి లిస్టు చూపించేవాణ్ణి.