మా అత్తమ్మ ఒక్కపొద్దులు

మొన్న మంగళవారం పొద్దున మా కోడలు ఆఫీసుకు బయలుదేరుతూ, జొన్న రొట్టెలు రెండు డబ్బాలో సర్ది, మధ్యాహ్నం పాలకూరతో తినమని నాకు చెప్పింది. అశోక్ నగర్ చౌరస్తా దగ్గర హాస్టల్ పిల్లల కోసం రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు చేసే ఆమె దగ్గర ముందటి సాయంత్రం కొన్నవవి. పెద్దవాళ్లకు జొన్నలు మంచివని ఎక్కడో విని, ఆ చలిలో బండి ఆపుకుని వరుసలో నిలబడి మరీ తెచ్చింది పాపం. నాకేమో పోయిన నెలలోనే కింది దవడ పళ్లు రెండు తీసేశారు, మూడోది నేడో రేపో అన్నట్టు ఊగుతోంది. నిన్నటి జొన్న రొట్టె ఈ చలికి ఎంత గట్టిబడుతుందో నా ఈడువాళ్లకు నేను చెప్పనక్కరలేదు. ఆ సంగతే చెప్పొచ్చు కదా. చెప్పలేదు. "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు బిడ్డా" అన్నాను.

చెప్పులు వేసుకుంటున్న పిల్ల ఆగి ఒక మాట అడిగింది. ఆ మాట ఏమిటో చివర చెప్తాను గానీ, అది విన్నాక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నేళ్లూ దాచుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

నేను కోడలిగా ఉన్న రోజుల్లో మేము చిక్కడపల్లిలో, ఇప్పుడు అపార్ట్‌మెంటు లేచిన ఈ జాగాలోనే, మూడు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్లం. నేను నారాయణగూడలో ఒక బడిలో టీచరును, మా ఆయనకు సర్కారు కొలువు, పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. పొద్దున ఐదింటికి లేచి, నీళ్లు తోడి, ఆరున్నరకల్లా అందరి రొట్టెలు, కూర, అన్నం రెండు పూటలకూ ఒకేసారి వండేసి, డబ్బాలు కట్టి, మా అత్తమ్మ వాటా గిన్నెలో మూత పెట్టి ఉంచి, కొంగు సర్దుకుంటూ పరుగెత్తేదాన్ని. ఆమె మధ్యాహ్నం ఒంటిగంటకు ఒక్కతే కూర్చుని తినాలి. ఎండాకాలం సంగతి వేరు. చలికాలంలో పొద్దున్నే వండిన అన్నం ఒంటిగంటకు బిరుసెక్కి ఉంటుంది, రొట్టె విరిస్తే పెళుక్కుమంటుంది. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. నా డబ్బాలో ఉన్నదీ అదే తిండి. కాకపోతే నాకు ముప్ఫై రెండు పళ్లుండేవి, స్టాఫ్ రూములో కబుర్లుండేవి.

ఆ ఏడు కార్తీకంలో అత్తమ్మ సోమవారాలు ఒక్కపొద్దు ఉంది. అది ఏటా ఉండేదే. పగలంతా ఏమీ ముట్టకుండా, సాయంత్రం దీపం పెట్టాక ఒక్కసారి తినడం మన ఇళ్లలో కొత్తదేమీ కాదు. ఆ తినేది చద్దిది పనికిరాదు గనుక నేను బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, ఆమె కోసం ఇంత అన్నం మెత్తగా వార్చి, పెసరపప్పు చేసి, పాలు కాచి, అరటిపండు పెట్టేదాన్ని. కార్తీకం వెళ్లిపోయింది. ఆమె ఒక్కపొద్దులు వెళ్లలేదు. సోమవారానికి శనివారం తోడైంది, తర్వాత గురువారం, పుష్యమాసం వచ్చేసరికి మంగళవారం కూడా. మిగిలిన రోజుల్లో గిన్నెలోని రొట్టె తీసుకుని గల్లీలోకి వచ్చే ఆవుకు పెట్టేదట, పక్కింటామె చెప్పింది, అదీ పుణ్యమే అనుకున్నాను.

ఇక్కడ నన్ను నేను దాచుకోకూడదు. అత్తమ్మ ఒక్కపొద్దు అన్న రోజు నాకు హాయిగా ఉండేది, ఎందుకంటే పొద్దున ఒక మనిషి రొట్టెలు తగ్గేవి, ఆ చలిలో పిండి పిసికే చేతులకు అదే పదివేలు. అంతటితో ఊరుకున్నానా అంటే అదీ లేదు. మా అత్తమ్మంత భక్తురాలు చిక్కడపల్లి మొత్తంలో లేదని స్టాఫ్ రూములో గొప్పలు చెప్పుకున్నాను. ఒకరిద్దరు టీచర్లు ఆదివారం పూట ఇంటికొచ్చి ఆమె కాళ్లకు మొక్కిపోయారు కూడా. ఆ పూట అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. నిగర్వి అని మురిసిపోయాను. రవిక భుజాల మీంచి జారుతోందని కుట్లు వేసి ఇచ్చింది కూడా నేనే, కానీ మనిషి ఎందుకు తగ్గుతోందని ఒక్కనాడు ఆలోచించలేదు.

ఆ పుష్యమాసంలోనే ఒక ఆదివారం మా ఆడబిడ్డ నల్లకుంట నుంచి వచ్చింది. వాకిట్లో ఎండకు కూర్చున్న అత్తమ్మ, బిడ్డను చూసి లేవబోయి, కళ్లు తిరిగి గోడ పట్టుకుని అలాగే జారి కూర్చుంది. మా ఆయన డాక్టరు కోసం వెళ్లాడు. ఆడబిడ్డ మాత్రం తల్లిని పొదివి పట్టుకుని, నోరు తెరువమని, లోపల చూసి, తిన్నగా వంటింట్లోకి పోయి రొట్టెను తునకలు చేసి వేడి పాలలో నానబెట్టి తెచ్చింది. అత్తమ్మ ఆ గిన్నె ఖాళీ చేసిన తీరు నేను మరిచిపోలేను. వేలితో అడుగంతా తుడుచుకుని, మేమంతా చూస్తున్నామని తెలిసి, సిగ్గుపడి గిన్నె కింద పెట్టింది. సిగ్గుపడాల్సింది ఆమె కాదు.

"ఎన్నడన్న నోట్ల చూసినవా వదినా?" అని అడిగింది ఆడబిడ్డ, అదీ కోపంగా కాదు. చిగుళ్లు వాచి ఎర్రగా ఉన్నాయి, దవడ పళ్లు ఒక్కటీ నిలకడగా లేదు, చల్లటి ముద్ద తగిలితే ప్రాణం పోయేంత సలుపు. వేడిగా, మెత్తగా ఉన్న తిండి ఆ ఇంట్లో ఆమెకు దొరికే దారి ఒక్కటే, ఒక్కపొద్దు. ఒక్క పూట వేడి మెతుకుల కోసం పగలంతా పస్తుండేది ముసలితల్లి, దాన్ని నేను భక్తి అని ఊరంతా చాటాను.

ఎందుకు చెప్పలేదత్తమ్మా అని ఏడ్చాను. "అందరికొకటి, నాకొకటి వండుమని ఎట్లడుగుత బిడ్డా, బడికి ఉరుకేదానివి, నీకే పరేషాన్ ఉండె" అంది. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు. కానీ ఆమె అడగలేనిది నేను ఉరకడం చూసే.

ఆ తర్వాత దిద్దుకున్నాను, అది ఘనకార్యమేమీ కాదు. పొద్దున జొన్నరవ్వ మెత్తగా ఉడికించి గట్క చేసి, బడి నుంచి మధ్యాహ్నం ఒక పరుగున వచ్చి వేడిచేసి, సొరకాయ పప్పో పాలకూర పప్పో కలిపి పెట్టి మళ్లీ పోయేదాన్ని. నారాయణగూడ ఎంత దూరమని? ఆ నడక ముందే నడిచి ఉండొచ్చు. రెండు నెలల్లో ఆమె రవికల కుట్లు విప్పాల్సి వచ్చింది. ఇక చూడండి, అత్తమ్మేమో మా కోడలు నాకోసమని వేరే వండుతది, బడి ఇడిచి ఉరికొస్తదని గల్లీ గల్లీ చెప్పుకుంది. ఆ మాట ఎవరైనా నాకు చేరవేసినప్పుడల్లా తల ఎత్తుకోలేకపోయేదాన్ని. ఇంకా ఏడేళ్లు బతికింది, నన్ను ఒక్క మాట అనలేదు, నేనూ క్షమించమని నోరు తెరిచి అడగలేదు.

ఇప్పటి పిల్లలకు వ్రతాలు తెలియవని, తిథులు తెలియవని మనం తెగ నొచ్చుకుంటాం. నేనూ నొచ్చుకున్నదాన్నే. మొన్న మా కోడలికీ ఏమీ తెలియదు, తెలియకే గడపలో ఆగి, "మంగళవారం కదా అత్తమ్మా, ఏ దేవునికి ఒక్కపొద్దు?" అని అడిగింది. దవడ మీద చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. అది చూసి ఆ పిల్ల చెప్పులు విడిచి వెనక్కి వచ్చి, నా ముందు కూర్చుని, "పన్ను నొస్తున్నదా?" అంది. తల ఊపాను. ఆమె ఆఫీసుకు ఫోన్ చేసి గంట ఆలస్యమవుతుందని చెప్పి, గట్క ఎట్ల చేస్తారో చెప్పమంది.

వేడి గట్క ముద్ద ముద్దా తిన్నాను. అన్ని తిథులూ వారాలూ తెలిసినదాన్ని, మా అత్తమ్మను ఏ దేవునికని ఒక్కసారీ అడగలేదు.