ఎల్లుండి సేటు పోసిన ఒడిబియ్యం

కోర్టులో గెలిస్తే డబ్బు చేతికి వచ్చినట్టే అని నమ్మే వయసు ఒకటి ఉంటుంది పిల్లలూ. నాకు ఆ వయసు ఇరవై మూడు. మీలో పెద్దది లా కాలేజీలో చేరానని మొన్న ఫోన్లో చెప్పి, "అమ్మమ్మా, నువ్వెప్పుడన్న కోర్టు మొహం చూసినవా?" అని నవ్వింది. చూశానమ్మా. కేసు కూడా గెలిచాను. ఆ గెలుపు ఎట్లాంటిదో అప్పుడు ఫోన్లో చెప్పలేకపోయాను, పక్కన మీ తాతయ్య ఉన్నాడు (ఆయన ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే దగ్గు వచ్చినట్టు నవ్వుతాడు). అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మా నాన్నది ఆత్మకూర్ దగ్గర వ్యవసాయం. ఒక ఏడు పంటంతా కోదాడ వడ్ల వ్యాపారికి అప్పుమీద అమ్మాడు. ఆ వ్యాపారిని ఊళ్లో అందరూ ఎల్లుండి సేటు అనేవాళ్లు. ఎప్పుడు అడిగినా "ఎల్లుండి రా" అనడమే తప్ప, ఇవ్వనని ఒక్కనాడూ అనలేదు పాపం. ప్రామిసరీ నోటు మీద సంతకం మాత్రం ముత్యాల్లాగా పెట్టాడు. ఆ ఎల్లుండి రాకముందే నాన్న పోయాడు. అమ్మ అంతకుముందే పోయింది, అన్నదమ్ములు లేరు. మిగిలింది నేనూ మా చెల్లే, అంటే మిర్యాలగూడలో ఉండే మీ చిన్నమ్మమ్మ. నాకు అప్పటికే పెళ్లయి సూర్యాపేటలో కాపురం ఉంటే, అది నా దగ్గరికి వచ్చింది. సేటు మీద సూర్యాపేట కోర్టులో కేసు వేశాను. మూడేళ్లు తిరిగాక ఎనిమిది వేలూ, వడ్డీ వేరే అని డిక్రీ ఇచ్చారు. ఆ కాగితం పటం కట్టించాలని కూడా అనుకున్నాను.

మూడు నెలలైనా సేటు పైసా ఇవ్వలేదు. అదే సమయంలో చెల్లికి మిర్యాలగూడలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. సోమవారంలోగా ఫీజు కట్టాలి. కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. మా దగ్గర అంత డబ్బు లేదు, ఉన్నదల్లా డిక్రీనే. మా వకీలు జప్తుకు ఆర్డర్ తెచ్చి, ఒకటే మాట చెప్పాడు. సేటు అరుగు ముందు కొత్త స్కూటర్ ఉంటుంది, ముందు దాన్ని చూపెట్టాలి. బండి మీద చెయ్యి పడితే పరువు కోసం ఆ పూటే డబ్బు తెస్తాడు. జప్తు చేయడానికి కోర్టు అమీను వస్తాడు కానీ, ఏది జప్తు చేయాలో దగ్గరుండి చూపెట్టాల్సింది మనమే. శుక్రవారం పొద్దున ఆ అమీనుతో కోదాడ బస్సెక్కాను. చెల్లి గడప దాకా వచ్చింది. సర్టిఫికెట్లన్నీ వరసగా పెట్టిన సంచి దాని చేతిలో ఉంది.

స్కూటర్ వకీలు చెప్పినట్టే అరుగు ముందుంది, ఆకుపచ్చది. అమీను సంచిలోంచి కాగితాలు తీస్తుంటే సేటు బయటికి వచ్చి, నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కండువాతో కళ్లు ఒత్తుకుని, నా పెళ్లయి ఎన్నేళ్లయిందని అడిగాడు. ఐదో ఏడని చెప్పాను. ఒడిబియ్యం ఎవరు పోశారని అడిగాడు. మన దిక్కు పెళ్లయిన ఆడపిల్లకు ఐదో ఏట, ఆ తర్వాత ప్రతి ఐదేళ్లకూ పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ ఒళ్లో పోసి పంపుతారు. నాకు పోయడానికి ఎవరున్నారు? ఎవరూ లేరన్నాను.

"మీ నాయిన నన్ను తమ్ముడా అని పిలిసేటోడు బిడ్డా. అన్న లేడనుకుంటున్నవా? నేను లేనా? జప్తు ఏడికి పోతది సార్, ముందుగాల నా చెల్లెకు ఒడిబియ్యం పోయనియ్యుండ్రి."

(నాన్నకు తమ్ముడైతే నాకు చిన్నాయన అవుతాడు, అన్న ఎట్లా అవుతాడు? ఆ లెక్క నాకు తిరుగు బస్సులో తట్టింది.)

అమీను నా వైపు చూసి, "ఏమంటవమ్మా? ఇప్పుడే బండి జప్తు రాయమంటే రాస్త" అన్నాడు. అంతా నా నోటిమాట మీదే ఉంది పిల్లలూ. అయిదు నిమిషాలే కదా, కానివ్వండి సార్ అన్నాను.

లోపల పీట వేశారు. సేటు భార్య కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టింది. రెండు చేతులతో కొంగు పట్టుకుని కూర్చున్నాను. దోసిలి వెంట దోసిలి బియ్యం పడుతుంటే, ఆ బరువుకు నాకు నాన్న గుర్తొచ్చి కళ్ల వెంట నీళ్లు ఆగలేదు. అమీనుకు ఒక చేతిలో చాయ్, ఇంకో చేతిలో కొబ్బరి చిప్ప పెట్టారు. అప్పుడు బయట స్కూటర్ స్టార్ట్ అయింది. ఒక్కసారితో కాదు, ఎవరో రెండుసార్లు తన్నాక మూడోసారికి అయింది. నేను లేవబోయాను.

"లెవ్వకమ్మా," అని సేటు భార్య నెమ్మదిగా నా భుజం మీద చెయ్యి వేసింది. "ఒళ్లో బియ్యం కింద పడితే పుట్టింటికి మంచిది గాదు."

నేను కూర్చున్నాను. లేని పుట్టింటికి మంచిది కాదని కూర్చున్నాను. బండి చప్పుడు సందు మలుపు తిరిగి, హైవే దాకా పోయి, వినపడకుండా పోయింది. తర్వాత అమీను ఇల్లంతా చూసి, వంట గిన్నెలు, మంచాలు, ఆడమనిషి పుస్తెలు చట్టప్రకారం ముట్టుకోకూడదని, ఇంక ఏమీ లేవని రాసి నా చేత సంతకం పెట్టించాడు. సంతకం పక్కన నా వేలి పసుపు అచ్చు పడింది.

బస్సులో ఐదు సేర్ల బియ్యం ఒళ్లో పెట్టుకుని వచ్చాను. కండక్టర్ నవ్వుతూ పుట్టింటి నుంచా అని అడిగితే, అవునన్నాను. ఇంట్లో చెల్లి నా మొహం చూసింది, ఒళ్లో బియ్యం చూసింది, సర్టిఫికెట్ల సంచి తీసుకెళ్లి పెట్టెలో పెట్టేసింది. ఒడిబియ్యం వండి పదిమందికి పెట్టాలి కదా. ఆదివారం ఆ వంట అదే చేసింది. సోమవారం వచ్చింది, పోయింది.

తర్వాత సేటును జైల్లో పెట్టించవచ్చని వకీలు అన్నాడు. కానీ అక్కడ ఆయన తిండి ఖర్చు మనమే కోర్టులో కట్టాలట. అప్పటికి ఆయనకు పెట్టే ఓపిక నాకు అయిపోయింది. మరో ఐదేళ్లకు ఒడిబియ్యానికి ఆ అన్న పిలుస్తాడేమోనని లోపల ఎక్కడో ఎదురు చూశాను కూడా. పిలవలేదు.

చెల్లికి మళ్లీ సీటు రాలేదు. పెళ్లయి మిర్యాలగూడ పోయింది. రైస్ మిల్లుల వెనక ఇల్లు. హమాలీల పిల్లలు సాయంత్రం దాని వరండాలో కూర్చుని ఎక్కాలు అప్పజెపుతారు, డబ్బు తీసుకోదు. దాని గొంతు వింటే, బడిలో ఉండాల్సిన గొంతని తెలిసిపోతుంది. పోయిన నెల అక్కడికి పోయినప్పుడు, ఇన్నేళ్లకు ధైర్యం చేసి, ఆ రోజు నేను లేవలేకపోయాను, తప్పు నాదే అన్నాను. అది ఒక పిల్లవాడి పలక దిద్దుతూ, తల ఎత్తకుండా అన్నది:

"లేస్తే ఏమైతుండె అక్కా? బియ్యం కింద పడుతుండె. ఊడ్సుకుంటుంటిమి."

ఇద్దరం చాలాసేపు నవ్వాం. ముందు ఆపింది నేనే. పీట మీద కూర్చున్న ఆ ఇరవై మూడేళ్ల పిల్లను ఇప్పటికీ రోజూ లేపుతూనే ఉన్నాను. అది మాత్రం కొంగు గట్టిగా పట్టుకుని, ఇంకొక్క దోసిలి అంటుంది.