క్లారాగారు అడిగిన పేరు

మొన్న సూపర్‌మార్కెట్లో ఉప్పుచేపల వాసన తగలగానే క్లారాగారు గుర్తొచ్చారు. గల్ఫ్‌లో అమ్వాజ్ అనే చోట మేం కాపురం పెట్టిన కొత్తలో ఆ వాసన వస్తే, నింద మన తెలుగువాళ్ళ మీదికే వస్తుందని హడలిపోయి కిటికీలన్నీ తెరిచాను. తీరా అది ఎదురింటి ఇటలీ ఆవిడ, ఈ క్లారాగారి వంటింట్లోంచి! క్రిస్మస్ ముందురోజు వాళ్ళు మాంసం ముట్టరట. ఉప్పుచేపను మూడు రోజులు నీళ్ళు మార్చి మార్చి నానబెడతారట.

మరుసటి ఏడాది నాకు అయిదో నెలలో గర్భం పోయింది. కరీంనగర్ నుంచి అమ్మ ఫోన్ చేసి, “ఆ ముచ్చట తియ్యకు బిడ్డా, మర్చిపో” అనేది. మిగతావాళ్ళు మళ్ళీ ఎప్పుడని అడిగేవారు. క్లారాగారు మాత్రం తన ఇంటికి పిలిచి పని చెప్పారు. బల్ల మీద ఇసుక పోసి, మట్టిబొమ్మలతో యేసు పుట్టిన పశువులపాక పేర్చాలి. మా బొమ్మల కొలువు అలవాటుతో చకచకా సర్దేశాను. పాకలో పశువుల తొట్టి మాత్రం ఖాళీగా ఉంది. బొమ్మలు చుట్టిన కాగితాల్లో వెతికి, పసి యేసు బొమ్మను తీసి అందులో పడుకోబెట్టాను.

ఆవిడ మెల్లగా దాన్ని తీసి సొరుగులో పెట్టారు. “పండగకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అప్పటిదాకా తొట్టి ఖాళీగానే ఉండాలి.”

నాకు ఒళ్ళు మండింది. “ఖాళీ తొట్టిని అన్ని రోజులు ఎలా చూస్తారండీ? మా ఇళ్ళలో పుట్టకముందు ఊయల కొనరు, ఖాళీ ఊయల ఊపనివ్వరు!” అంటూనే ఏడ్చేశాను.

ఆవిడ ఓదార్చలేదు. పక్కన కూర్చుని, “పేరేమనుకున్నావు?” అన్నారు.

ముందే పేరు అనుకోకూడదంటారు. నేను అనుకున్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు.

“వెన్నెల.”

“వెన్నెల్లా,” అన్నారావిడ, తన చుట్టాలమ్మాయిని పిలిచినట్టు. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

పండగ పొద్దున మా తలుపు తట్టి, తన ఇంటికి తీసుకెళ్ళారు. బొమ్మను తొట్టిలో పెట్టాల్సింది ఇంట్లోకెల్లా చిన్నవాళ్ళట. “నా పిల్లలు దూరంగా ఉన్నారు. ఇవాళ ఈ ఇంట్లో చిన్నదానివి నువ్వే,” అని నా చేతికిచ్చారు. బొమ్మను తొట్టిలో పడుకోబెట్టాను. ఇంటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి పేరు చెప్పాను. మర్చిపొమ్మన్న అమ్మే ఆ పేరు మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది.

“పేరు మంచిగున్నది బిడ్డా,” అంది.

క్లారాగారు ఇటలీ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. ఆవిడకి నేను ఎంత రుణపడ్డానో సరిగా చెప్పనే లేదు. తర్వాత మాకు బాబు పుట్టాడు. పిల్లలెంతమందని ఎవరడిగినా, ఇద్దరనే చెబుతున్నాను.