విత్తనాలు వేయించిన సాయంత్రం

"విత్తనానికి పెట్టిన చెనిక్కాయలురా అవి! ఇప్పుడు తింటే వానలకు ఏం విత్తుతావు?" అవ్వ మూటకు అడ్డం కూర్చునింది.

"రేపటికి లోకమే ఉండదంటమ్మా. ఎనిమిది గ్రహాలు ఒక్క చోటికి చేరతాండాయి. పిల్లోళ్లన్నా కడుపునిండా తిననీ," అన్నాడు నాయన, హిందూపురం సంతలో విని వచ్చి.

"గుబులోళ్ల మాట విని కొంప తీస్తాండావు!"

గుబులోళ్లంటే జనానికి భయం పుట్టించేవాళ్లు. అవ్వ చిన్నప్పుడు, ప్లేగు రాకముందే వచ్చిందని చెప్పి, ఊరు ఖాళీ చేయించి, ఇండ్లల్లో దూరినోళ్లకు పెనుకొండ పక్క పెట్టిన పేరంట అది. అప్పుడు నాకు అదంతా తెలీదు. గుబులోళ్లంటే ఆ గ్రహాలే అనుకున్నా. మా ఇంటికే దిగుతారని ఏడుపు ఎత్తుకున్నా.

"చూడు, బిడ్డ ఎట్ల బెదిరిందో," అని నాయన మూట లాక్కున్నాడు. అవ్వ బలం చాల్లేదు.

చెనిక్కాయలు వేగే వాసనకు ఈ వయసులో కూడా నాకు ఆ సాయంత్రమే గుర్తొస్తుంది. బెల్లంతో తిన్నాము. రుచిగానే ఉన్నాయి. అవ్వ మాత్రం ముట్టలేదు.

మర్నాడు పొద్దు ఎప్పటిలాగే పొడిచింది. అవ్వ కసువు ఊడుస్తా, పొట్టులో వేగని కాయలేమన్నా ఉన్నాయేమో అని వెతికింది. దోసెడు కూడా దొరకలేదు.