తుల్సీరాం కార్జం

మా బొగ్గు బాయి గేటు ముందు నేను చాయ్ బండి పెట్టి పద్నాలుగేళ్లయింది. తొమ్మిదో తరగతిలో బడికి నేనే టీసీ ఇచ్చి బయటికొచ్చాను కాబట్టి నా చదువంతా ఆ గిన్నెలోనే మరిగింది. బూర్గంపాడు నుంచి ఒకాయన కేవలం నా చాయ్ తాగడానికి బస్సెక్కి వస్తాడు. తెల్లవారుజామున అడవిలోంచి ఓ ఎలుగుబంటి వచ్చి, బండి వెనక పారబోసిన చాయ్‌పొడి నాకి, ఎవరినీ ఏమీ అనకుండా వెళ్లిపోతుంది. ఈ మాట చెబితే గేటు దగ్గర అందరూ నవ్వుతారు. తుల్సీరాం ఒక్కడే, "నిన్న గూడ వచ్చిందా రాజేషూ?" అని అడుగుతాడు.

తుల్సీరాంది జూలూరుపాడు పక్కన తండా. నలభై ఆరేళ్లు. బాయిలో డంపర్ నడుపుతాడు. రెండంతస్తుల ఇల్లంత బండిని చిటికెన వేలితో తిప్పుతాడని కొత్తవాళ్లకు చెబుతుంటాను. అందులో అబద్ధం సగమే. తాగి వచ్చే తండ్రిని చూసి చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. సారా, కల్లు, బీరు దేన్నీ ముట్టలేదు.

మా గేటు దగ్గర తాగని మనిషికి ఒక మర్యాద ఉంది. ప్రమోషన్ వచ్చినా, పిల్లలు పాసైనా, ఎవరు దావత్ ఇచ్చినా తాగేవాళ్లు తాగుతుంటే తాగనివాడి ముందు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ పెడతారు. "పాపం, తుల్సన్నకు ఏం లేదు" అని మిర్చి బజ్జీల పళ్లెం కూడా అటే జరుపుతారు. వదిలేస్తే పెట్టినవాడు చిన్నబుచ్చుకుంటాడని ఆయన అంతా ఖాళీ చేసేవాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే తంతు. ఇక నా బండి దగ్గర రోజుకు ఆరు చాయ్‌లు, ఒక్కో దాంట్లో నాలుగు చెంచాల చక్కెర. ఆయన అడగలేదు. నచ్చిన మనిషని నేనే వేసేవాడిని. పొద్దంతా డంపర్ సీటు, ఇంటికి పోతే కుర్చీ.

ఆయన చెల్లెలు జ్యోత్స్న ఆ తండాలోనే అంగన్‌వాడీ టీచర్. నిరుడు వానాకాలంలో ఆమె కళ్లు పచ్చబడ్డాయి. రోగాలతో కొట్లాడాల్సిన ఒంటి శక్తే దారితప్పి ఆమె లివర్‌ను తింటోందని హైదరాబాద్‌లో తేల్చారు. ఆమె చేసిన తప్పేమీ లేదు. ఈ ఎండాకాలానికి మందులు పనిచేయడం మానేశాయి. దగ్గరివాళ్లెవరైనా తమ లివర్‌లో కొంత కోసి ఇవ్వాలన్నారు. ఇచ్చినవాడికి అది మళ్లీ పెరుగుతుందట. ఇదే మాట నేను చెప్పి ఉంటే గేటు దగ్గర ఒక్కడూ నమ్మేవాడు కాదు.

బ్లడ్ గ్రూపు కలిసింది తుల్సీరాం ఒక్కడిదే. తోడుగా నేనూ వెళ్లాను. స్కాన్ చూసిన డాక్టరమ్మ, "మందు అలవాటుందా?" అని అడిగింది.

"లేదమ్మా. ఎన్నడు ముట్టలే."

"మరి లివర్ నిండా కొవ్వే ఉంది. ఇది కోసి ఇస్తే ఆమెకు సరిగా పనిచేయదు, మీకూ ప్రమాదం."

తుల్సీరాం నా వైపు చూశాడు. నేను గోడకున్న కడుపు బొమ్మ వైపు చూశాను.

"తగ్గించుకోవచ్చు" అందామె. "ఎనభై ఆరు కిలోలున్నారు. మూడు నెలల్లో డెబ్బై ఎనిమిదికి రండి. చక్కెర, కూల్‌డ్రింకులు, నూనెలో వేయించినవి మానేయండి. పళ్లెంలో సగం కూరగాయలు ఉండాలి. రోజూ గంట నడవాలి. నొప్పి గోళీలు మీ అంతట మీరు వేసుకోవద్దు. ఆకు పసర్లు అసలే వద్దు."

ఈ సంగతి తెలిసి గేటు దగ్గర నవ్వులే నవ్వులు. "మేం తాగి మంచిగున్నం. నువ్వు తాగకుండనే కార్జం ఖరాబ్ చేసుకున్నవ్" అన్నాడు బలరాం. ఆయనా డంపర్ మనిషే.

"నాది స్కాన్ తీసిండ్రు గనక తెలిసింది. నీది గూడ తీపియ్యి బలరాం" అన్నాడు తుల్సీరాం. బలరాం నవ్వు ఆపి బీడీ కోసం జేబు వెతుక్కున్నాడు.

మొదటి వారం ఆయన అడవి రోడ్డు మీద అర కిలోమీటరు నడిచి ఆయాసపడి కూలబడేవాడు. అప్పుడు నా ఎలుగుబంటిని పనిలో పెట్టాను. "అన్నా, అది ఇయ్యాల మలుపు కాడ కూసున్నదంట. తిరిగొచ్చేటప్పుడు జర జల్దీ రా." వచ్చేటప్పుడు ఆయన నడక చూస్తే మనిషి సగం పరుగులో ఉండేవాడు. ఆయన భార్య జమ్లి జొన్నరొట్టె, ఆకుకూర డబ్బా కట్టేది. దావత్‌లకు పోవడం మానేశాడు. చక్కెర లేని చాయ్ మొదటిసారి తాగి, "ఇది చాయా, బొగ్గు కడిగిన నీళ్లా?" అన్నాడు.

"అవైతే ఇంకింత రుచిగుంటయన్నా."

పది వారాలకు డెబ్బై తొమ్మిది. కొవ్వు సగానికి పైగా కరిగింది, ఇంకో నాలుగు వారాలు ఇలాగే నడవమంది డాక్టరమ్మ. ఆ ఎలుగుబంటి గొప్పతనం గేటు దగ్గర అందరికీ చెప్పుకున్నాను.

కానీ జ్యోత్స్న కడుపులో నీరు చేరింది. ఒకరోజు అంగన్‌వాడీ పిల్లల పేర్లు మరిచిపోయి ఏడ్చిందట. ఆ రోజు తుల్సీరాం నా బండి దగ్గర కూర్చుని గ్లాసు పట్టుకుని, తాగకుండా, "ఇంకా జల్దీ అయ్యే తొవ్వే లేదా?" అన్నాడు. నన్ను అడగలేదు. ఎవరినీ అడగలేదు. జవాబు మాత్రం నేను చెప్పాను.

"మా మేనమామ లేడా అన్నా, పచ్చకామెర్లతోటి పసుపుకొమ్ము లెక్క అయిండు. మూడు పొద్దులు పసరు తాగిండు. నాలుగోనాడు బూర్గంపాడు కాడ గోదాట్ల దుంకి ఈదుకుంట భద్రాచలం ఒడ్డెక్కిండు."

మా మేనమామ నెల రోజులు సర్కారు దవాఖానాలో పడుకుని లేచాడు. ఆయనకు ఈత రాదు. తుల్సీరాం ఒక్కసారి నవ్వితే చాలనుకున్నాను. ఆయన నవ్వలేదు. "ఏ ఆకు?" అన్నాడు. "ఏదో అడవి ఆకే" అని గ్లాసులు కడుక్కున్నాను.

ఎక్కడ తెచ్చుకున్నాడో నాకు చెప్పలేదు. అయిదు రోజులు పరగడుపున తాగాడు. తర్వాతి రక్తపరీక్షలో లివర్ అంకెలు ఎక్కడికో ఎగబాకాయి.

"ఏం తాగారు?" అంది డాక్టరమ్మ.

"ఆకు పసరమ్మా."

"వద్దని చెప్పాను కదా. ఎవరిచ్చారు ఈ సలహా?"

"ఎవరు చెప్పలేదమ్మా. నేనే తాగిన."

నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.

ఆపరేషన్ అయిదు వారాలు వెనక్కి పోయింది. ఆ అయిదు వారాలూ ఆయన ఒక్కరోజు తప్పకుండా నడిచాడు, నేను ఎలుగుబంటి మాట ఎత్తలేదు. ఆగస్టులో రిపోర్టు వచ్చింది. అంకెలన్నీ మామూలు, కొవ్వు ఉండీ లేనట్టు. డెబ్బై ఏడు కిలోలు. "ఇప్పుడిది ఇవ్వొచ్చు" అని డాక్టరమ్మే అంది. అంటూనే తల దించుకుంది. ఆ వారమే జ్యోత్స్న కడుపులోని నీటికి ఇన్ఫెక్షన్ పట్టింది. అది తగ్గేదాకా కోయడానికి లేదు. పది రోజులు ఉంచుకుని, మందులిచ్చి, వారం వారం రక్తం చూపించమని ఇంటికి పంపారు. తగ్గితే చూద్దామన్నారు. తగ్గకపోతే ఏమిటని మేమెవరం అడగలేదు.

ఇప్పుడు తుల్సీరాం సెలవు పెట్టి తండాలోనే ఉన్నాడు. పొద్దున్నే సిమెంటు రోడ్డు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాడు. రేకుల పందిరి కింద మంచం మీద పడుకుని జ్యోత్స్న చుట్లు లెక్కపెడుతుంది. ఆదివారాలు నేను ఫ్లాస్కు నిండా చక్కెర లేని చాయ్ పట్టుకుని పోతాను.

మొన్న ఆదివారం ఆమె, "రాజేషన్నా, ఒక కథ చెప్పు. పసరు లేంది" అంది.

ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఫ్లాస్కు మూత తిప్పి బిగించాను. తర్వాత ఎలుగుబంటి సంగతి చెప్పాను. బండి వెనక చాయ్‌పొడిలో ఇప్పుడు చక్కెర తగలడం లేదని అది మూతి ముడుచుకుని, అచ్చం మీ అన్నలాగే తల విదిలించి పోతోందని చెప్పాను. నవ్వింది. నవ్వితే నొప్పి వస్తుందేమో, కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

"మా అన్న సన్నగైండు, మంచిగున్నడు" అంది రోడ్డు వైపు చూస్తూ. "నాకోసమే గంత కష్టపడ్డడు. నాకే అక్కరకొస్తలేడు." అది ఫిర్యాదులా లేదు. మబ్బు పట్టింది అన్నట్టుగా అంది.

తర్వాత మళ్లీ లెక్కలో పడింది. "పన్నెండు... పదమూడు..." పద్నాలుగు దగ్గర గొంతు సన్నగిల్లి నిద్రపోయింది. అక్కడి నుంచి లెక్క నేను అందుకున్నాను. తుల్సీరాం చూసుకోలేదు. అదే వేగంతో పోతున్నాడు, వస్తున్నాడు. మంచం దగ్గరికి రాగానే నెమ్మదించి, ఆమె మూసిన కళ్లు చూసి, నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"ఎన్నైనయ్?"

ఇరవై అనబోయాను. నాలుక దాకా వచ్చింది.

"పదిహేడన్నా" అన్నాను.

ఆయన వంగి చెల్లెలి కాళ్ల మీద దుప్పటి సర్ది, పద్దెనిమిదో చుట్టుకు బయలుదేరాడు.