అలోహాకి తొమ్మిదో అర్థం

బర్మాలో, మింగళాడోన్ విమానాశ్రయం దారిలో ఉన్న ఆ హోటల్లో అంట్లు తోమే వెంకమ్మ ఉద్యోగం ఒక్క మాట దగ్గర చిక్కుకుపోయింది. ఆ మాట అలోహా. యజమానురాలు డో టిన్ బర్మా దాటి ఎరగదు. కానీ హోటల్‌కు హవాయి వేషం కడితే జనం విరగబడతారని ఎవరో ఆవిడ చెవిలో వేశారు. గుమ్మంలోకి ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు, పనివాళ్ళ మెళ్ళోకి కాగితం పూలదండలు వచ్చేశాయి.

మేనేజరు నాగేంద్ర తెలుగువాడే. ముత్తాత రేవులో మూటలు మోశాడు. ఈయన మాత్రం బర్మావాళ్ళలా పేరుకు ముందు గౌరవంగా 'కో' తగిలించి, కో నాగేంద్ర అంటే తప్ప పలకడు. ఫోన్లో వెతికి, ఆ హవాయి మాటకున్న ఎనిమిది అర్థాలూ వంటగది గోడకు అంటించాడు: రమ్మనడం, సాగనంపడం, ప్రేమ, దయ, జాలి, ఇంకేవో. ఇన్ని పనులు చేసే మాట దొరికాక వేరే మాటలు దండగని ఆయన వాదన. సెలవడిగినా అలోహాయే, జ్వరమన్నా అలోహాయే. కిందటేడు వెంకమ్మ మొగుడు పోతే ఒక్కరోజు సెలవిచ్చి, ఫోన్లో అదే మాట పంపాడు. ఆనాటి నుంచీ ఆవిడ నోటికి ఆ మాట రానంది. నెలాఖరులోగా పలక్కపోతే పని మానుకోవచ్చని నాగేంద్ర తేల్చేశాడు. ఏభై ఎనిమిదేళ్ళ ఒంటరి మనిషి, ఈ పని పోతే చిమిండైంగ్‌లో తలదాచుకున్న అద్దెగదీ పోతుంది.

ఇంతలో డో టిన్ తల్లి కాలం చేసింది. నాగేంద్ర పనివాళ్ళందర్నీ వ్యాన్లో ఆవిడ ఇంటికి తీసుకెళ్ళి, వరసగా నిలబెట్టి, అయిదో నంబరు అర్థంలో అలోహా చెప్పించాడు. వెంకమ్మ వరసలో నిలబడలేదు. డో టిన్ పక్కన చాపమీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, సాయంత్రం దాకా ఉండి, మాటా పలుకూ లేకుండా లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు నాగేంద్ర మండిపడ్డాడు. "ఆవిడతో ఓ మాటైనా అనకుండా వచ్చేస్తావేటి? అలోహా లేదు, ఎల్లొస్తానని లేదు!"

"సావింటికాడ ఎల్లొస్తానని ఎవులైనా సెప్తారేటి బావూ? మల్లీ అలాటి పనికే వస్తామనా? ఊరుకుని లెగిసొచ్చీడమే మర్యాద. మీ యమ్మ సెప్పలేదేటి?"

చెప్పే ఉంటుంది. కో అయ్యాక మరిచిపోయాడు. పని మానమనే మాట నోటిదాకా వచ్చేసరికి డో టిన్ ఫోను చేసింది. నిన్న ఎవరేమన్నారో తనకు ఒక్కటీ గుర్తులేదట. చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషిని మాత్రం బాగా చూసుకోమంది.

నాగేంద్ర గడుసువాడు. గంటలో గోడమీద కాగితానికి తొమ్మిదో అర్థం చేర్చాడు: మౌనం. అందర్నీ వంటగదిలో నిలబెట్టి, ఏనాడూ లేనిది, "అత్తా, ఇదెలా చెయ్యాలో ఈళ్ళకి నేర్పు" అన్నాడు.

వెంకమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆవిడకు కోపం కన్నా ఏడుపే ముందొచ్చింది.

"నేర్పడానికేటుంది బావూ! మా ముసిలోడు పోయినప్పుడు మీలో ఒక్కలొచ్చుంటే ఆ రోజే తెలిసిపోయీది."

ఇక ఆ తొమ్మిదో అర్థంలో ఎవరికీ శిక్షణ అక్కర్లేకపోయింది. నాగేంద్రకు కూడా.